రెండో బిడ్డ కోసం: చికిత్సతోనైనా, మామూలుగానైనా, మా వరంగల్ వైపు దంపతులు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో సంతాన చికిత్స కోసం వచ్చే దంపతులతో మాట్లాడటం నా పని. జనగామ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, జగిత్యాల దాకా అన్ని వైపుల నుంచీ వస్తారు. మొదటి బిడ్డ కోసం తిరిగేవాళ్ల మీద ఊరంతా జాలి చూపిస్తుంది. రెండో బిడ్డ కోసం వచ్చేవాళ్ల బాధను మాత్రం "ఒకరున్నరు కదా, ఇంకేంది" అని ఒక్క మాటతో కొట్టేస్తారు. అందుకే చాలామంది ఎవరికీ చెప్పుకోకుండా రెండు మూడేళ్లు గడిపేస్తారు. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ రాస్తున్నాను. మీ మందులు, మోతాదులు మీ డాక్టరే చెప్పాలి. ఆ గదిలో కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

మొదటిసారి పెళ్లైన మూడు నెలలకే నెల తప్పింది. ఇప్పుడు రెండేళ్లుగా నిలవడం లేదు. ఒకసారి కన్నాక సమస్య ఎట్లా వస్తుంది?

వస్తుంది. డాక్టర్లు దీన్ని సెకండరీ ఇన్‌ఫర్టిలిటీ అంటారు. మొదటి కాన్పు అయిందంటే అప్పట్లో అండం సరిగ్గా విడుదలైంది, ట్యూబు తెరిచి ఉంది, ఆయన వీర్యకణాలు బాగున్నాయి. ఇప్పుడూ అన్నీ అలాగే ఉన్నాయో లేదో చూస్తేనే తెలుస్తుంది. నిరుడు పండిన చేనే కదా అని ఈ ఏడు నేల చూడకుండా విత్తనం వేయం.

అన్నిటికన్నా పెద్ద కారణం వయసు. 27 ఏళ్లకు మొదటి బిడ్డ పుట్టి, చదువు, ఇల్లు, ఈఎంఐ అంటూ ఆగి 35కు మళ్లీ మొదలుపెడితే అండాల సంఖ్య, నాణ్యత రెండూ తగ్గి ఉంటాయి. కాన్పు తర్వాత బరువు పెరిగి, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాకపోవడం) ముదిరి నెలసరి తప్పేవాళ్లున్నారు. థైరాయిడ్ కాన్పు తర్వాతే బయటపడేవాళ్లూ ఉన్నారు.

ఇంకో కారణం గురించి మావైపు తక్కువ మాట్లాడుకుంటారు. మధ్యలో వద్దనుకున్న గర్భాన్ని మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లోనే తీసేసుకుంటారు. అది పూర్తిగా పోక ఇన్‌ఫెక్షన్ వస్తే ట్యూబులు మూసుకుపోవచ్చు. గర్భసంచి క్లీనింగ్ తర్వాత లోపలి గోడలు కొందరిలో అతుక్కుంటాయి, నెలసరి బాగా తగ్గిపోతుంది. ఇలాంటిది జరిగి ఉంటే అత్తమ్మ ముందు చెప్పలేకపోయినా డాక్టర్‌కు ఒంటరిగానైనా చెప్పండి. ఆ ఒక్క వివరంతో సగం వెతుకులాట తప్పుతుంది.

గర్భసంచికి, ట్యూబులకు వచ్చే టీబీ మన దేశంలో ఇప్పటికీ ఉంది. దగ్గు, జ్వరం రెండూ ఉండకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే ఆ మాట చెప్పడం మర్చిపోవద్దు.

మొదటి బాబు ఐవీఎఫ్‌తో (టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో) పుట్టాడు. రెండోసారి మామూలుగా వచ్చే అవకాశం ఉందా?

ఉంది, చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే. 2023లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 11 అధ్యయనాలను, అందులోని 5,000 మందికి పైగా మహిళల వివరాలను కలిపి చూశారు. చికిత్సతో బిడ్డను కన్నవాళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు తర్వాత మామూలుగానే గర్భం దాల్చారు, అదీ ఎక్కువగా మూడేళ్లలోపే.

ఈ లెక్క మీకు వర్తిస్తుందా అన్నది మొదటిసారి ఐవీఎఫ్ ఎందుకు చేశారన్న దానిమీద ఉంటుంది. కారణం తెలియని కేసు, పీసీఓడీ, వీర్యకణాల కౌంట్ కొద్దిగా తక్కువ ఉన్నవాళ్లలో ఆశ ఎక్కువ. రెండు ట్యూబులూ మూసుకుపోయినా, తీసేసినా, ఆయన వీర్యంలో కణాలే లేకపోయినా ఊరికే ఎదురుచూస్తే వయసే కరిగిపోతుంది. మీ పాత ఫైల్ తీసి "మాకు ఐవీఎఫ్ ఏ కారణంతో చేశారు?" అని అడగండి. లక్షలు పెట్టి చేయించుకున్నా దీనికి జవాబు తెలియనివాళ్లు ఎంతోమంది నాకు కనిపిస్తారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. "మాకెట్లాగూ మందుల్లేకుండా రాదు" అనుకుని జాగ్రత్త పడని తల్లికి, పెద్దాపరేషన్ అయిన ఏడెనిమిది నెలలకే నెల తప్పవచ్చు. ఐవీఎఫ్ తల్లులకూ కాన్పు తర్వాత గర్భనిరోధం అవసరమే. డిశ్చార్జి రోజునే దాని గురించి మాట్లాడాలి.

ఇద్దరి మధ్య ఎంత ఎడం ఉండాలి?

కాన్పుకీ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తల్లి రక్తం, ఇనుము, క్యాల్షియం నిల్వలు కోలుకోవాలి. మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే.

మీకు 37, 38 ఏళ్లుంటే ఈ రెండేళ్లు అనే మాటను డాక్టర్‌తో కూర్చుని మళ్లీ లెక్క వేసుకోవాలి. శరీరం కోలుకోవడానికి సమయం కావాలి, అండాలకు మాత్రం సమయం లేదు. అలాంటివాళ్లు ఏడాది, ఏడాదిన్నర దగ్గరే మొదలుపెట్టాల్సి రావచ్చు. ఇరవై ఆరేళ్ల అమ్మాయికి చెప్పే మాటే నలభైకి దగ్గరైన ఆమెకూ చెప్పలేం.

పాలు ఇస్తున్నంతకాలం గర్భం రాదంటారు. నిజమేనా?

బిడ్డకు ఆరు నెలలు నిండలేదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు, నెలసరి మళ్లీ మొదలుకాలేదు. ఈ మూడూ ఉన్నప్పుడే ఆ రక్షణ. ఒక్కటి తప్పినా నమ్ముకోవద్దు. నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి ఒక్కసారి కూడా బయట చేరకుండానే గర్భం వచ్చినవాళ్లు ఉంటారు.

ఐవీఎఫ్ మళ్లీ మొదలుపెట్టాలంటే మాత్రం చాలా చోట్ల ముందు పాలు మాన్పించమంటారు. పాలిచ్చేటప్పుడు పెరిగే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ అండం విడుదలను అణచివేస్తుంది. పాలిచ్చే తల్లికి ఐవీఎఫ్ ఇంజెక్షన్లు ఇవ్వవచ్చా అన్నదీ చూసుకోవాలి. ఒక్కరోజులో మాన్పించకుండా నెల రెండు నెలల ముందు నుంచి నెమ్మదిగా తగ్గించండి.

మొదటిది పెద్దాపరేషన్. రెండోసారి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఈ ప్రశ్న మావైపు దాదాపు ప్రతి ఇంటిదీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు పెద్దాపరేషన్లే. దేశ సగటు 21.5 శాతం. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతం దాటింది. ఇందులో ముహూర్తం చూసి పెట్టించుకున్నవీ, నొప్పులకు భయపడి అడిగినవీ ఉన్నాయి. మొదటి కాన్పులో గర్భసంచి మీద పడ్డ కోత తర్వాతి ప్రతి గర్భాన్నీ ప్రభావితం చేస్తుందని అప్పుడు ఎవరూ వివరంగా చెప్పరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ మచ్చ వల్ల మూడు చోట్ల ఇబ్బంది రావచ్చు. ఒకటి గర్భం రాకముందే. కుట్టు దగ్గర చిన్న గుంటలా ఏర్పడి అందులో రక్తం నిలుస్తుంది. నెలసరి అయిపోయాక కూడా నాలుగైదు రోజులు ముదురు రంగులో మరకలు కనిపిస్తాయి. కొందరిలో గర్భం నిలవకపోవడానికి ఇదే కారణం. యోని ద్వారా చేసే స్కాన్‌లో తెలుస్తుంది. రెండోది గర్భం వచ్చిన కొత్తలో. అరుదుగా పిండం ఆ మచ్చలోనే అతుక్కుంటుంది, అది ప్రాణాంతకం. అందుకే పెద్దాపరేషన్ అయినవాళ్లు ఆరు, ఏడు వారాల మధ్య స్కాన్ తప్పనిసరిగా చేయించుకోవాలి. మూడోది తర్వాతి నెలల్లో. మాయ కిందికి ఉండి మచ్చలోకి చొచ్చుకుపోతే కాన్పులో విపరీతంగా రక్తం పోతుంది. అలాంటి కాన్పు బ్లడ్ బ్యాంకు, పెద్ద ఐసీయూ ఉన్నచోటే జరగాలి.

రెండోది మామూలు కాన్పు కావచ్చా అంటే, చాలామందికి కావచ్చు. తగినవాళ్లను ఎంచుకుని ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మంది వరకు మామూలుగా కంటారు. కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. ఎడం ఏడాదిన్నర కన్నా తక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. అత్యవసరంగా ఆపరేషన్ చేయగల ఆస్పత్రిలో మాత్రమే ఈ ప్రయత్నం. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో, కోత ఎటువైపు పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. దాన్ని పారేయకండి.

ఎన్నాళ్లు ప్రయత్నించాక డాక్టర్ దగ్గరికి పోవాలి?

35 లోపు అయితే ఏడాది. 35 దాటితే ఆరు నెలలు. 40కి దగ్గర్లో ఉన్నా, నెలసరి సరిగ్గా రాకపోయినా, ట్యూబులకో గర్భసంచికో పాత ఆపరేషన్ ఉన్నా ఆగవద్దు.

మా ఆయన అప్పుడు టెస్ట్ చేయించుకున్నాడు, నార్మల్. మళ్లీ ఎందుకు?

వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. నాలుగేళ్ల కిందటి రిపోర్టు అప్పటి మనిషిది. ఈ మధ్య ఆయనకు షుగర్ వచ్చిందా? గుట్కా మొదలైందా? పత్తి చేనుకు మాస్కు లేకుండా మందు కొడుతున్నాడా? రామగుండం వైపు బాయిలర్ల దగ్గర వేడిలో డ్యూటీనా? జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాడా? ఈ చివరిది కుర్రవాళ్లలో పెరుగుతోంది. అది కండ పెంచుతుంది, వీర్యకణాల తయారీని మాత్రం ఆపేస్తుంది.

పరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి లేదు. అయినా భార్యకు స్కాన్లు, రక్త పరీక్షలు, ట్యూబ్ టెస్ట్ అన్నీ అయ్యాక చివరికి ఆయన వస్తాడు. ఇది తిరగబడాలి. కలయిక లేకుండా రెండు నుంచి అయిదు రోజులు ఆగి శాంపిల్ ఇవ్వాలి. ఒక రిపోర్టు బాగా లేకపోతే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి.

మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి నెలన్నర వస్తాడు. మాకు రెండో బిడ్డ ఎట్లా?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి వచ్చే చెల్లెళ్లు ఈ ప్రశ్న అడిగినప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. ముందుగా చెప్పేది: మీ ఇద్దరిలో ఎవరికీ లోపం లేకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న దంపతులకు కూడా ఒక నెలలో గర్భం రావడం ఖాయం కాదు. రెండేళ్లలో మీకు దక్కింది ఒకటి రెండు నెలసరి చక్రాలే. దాన్ని "రెండేళ్లుగా పిల్లలు కావట్లేదు" అని లెక్క కట్టి గొడ్డుమోతు మాటలు అనేవాళ్ల లెక్కే తప్పు.

చేయగలిగింది చాలా ఉంది. ఆయన రావడానికి రెండు మూడు నెలల ముందే మీ పరీక్షలు అవగొట్టుకోండి: థైరాయిడ్, షుగర్, రక్తం, ఏఎంహెచ్ (అండాల నిల్వ తెలిపే రక్త పరీక్ష), స్కాన్. ట్యూబ్ టెస్ట్ నెలసరి ఆగాక, అండం విడుదల కాకముందు చేస్తారు. ఆ నెలలో గర్భం ఉండే అవకాశం లేదు కాబట్టి ఆయన లేనప్పుడు చేయించుకోవడమే సుళువు. ఫోలిక్ యాసిడ్ కూడా అప్పుడే మొదలుపెట్టండి, గర్భం నిలిచాక కాదు. ఆయనకు కూడా అక్కడున్నప్పుడే మూడు నెలల ముందు నుంచి పొగ, మందు తగ్గించమనండి. విమానం దిగాక మొదలుపెట్టిన జాగ్రత్త ఆ సెలవుకు అందదు.

టికెట్ బుక్ చేసేటప్పుడు మీ నెలసరి తేదీలు చూడండి. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు ముఖ్యం. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. అవసరమైతే అండం ఎదుగుదలను చూసే ఫాలిక్యులర్ స్కాన్‌తో ఆ రోజులు పట్టుకోవచ్చు. ఆయన వచ్చిన వారంలోనే వీర్య పరీక్ష చేయించాలి. తిరిగి వెళ్లేలోపు నిలవకపోతే వీర్యాన్ని ఫ్రీజ్ చేసి పెట్టుకునే వీలుంది, తర్వాత ఐయూఐకో (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి) ఐవీఎఫ్‌కో వాడతారు. సంతకాలు ఇద్దరివీ కావాలి. ఆయన విదేశంలో ఉండగా ఏ కాగితం ఎలా ఇవ్వాలో వెళ్లకముందే క్లినిక్‌లో కనుక్కోండి.

ఆ నెలన్నరలో చుట్టాల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, జాతరలు అన్నీ పెట్టుకుంటారు. ఇంటివాళ్లను అడుగుతున్నాను, కొన్ని రోజులు వాళ్లిద్దరినీ వాళ్లకు వదిలేయండి.

మొదటిసారి మిగిలిన పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి. అవి పాడవవా?

ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అక్కడ వాటికి వయసు పెరగదు. ఇదే వాటిలోని గొప్ప సౌకర్యం: 31 ఏళ్లప్పుడు ఫ్రీజ్ చేసినది 37కు పెట్టించుకున్నా, అండం వయసు 31గానే లెక్క. ఇప్పటి పద్ధతిలో కరిగించినప్పుడు పదింట తొమ్మిదికి పైగా నిలుస్తాయి. నిలిచిన ప్రతిదీ గర్భం కాదు, అది వేరే సంగతి.

అండాల కోసం ఇంజెక్షన్లు, అండాలు తీసే ప్రక్రియ మళ్లీ ఉండవు. గర్భసంచి పొరను సిద్ధం చేసి పెడతారు, ఖర్చూ తక్కువే. నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లకు సొంత చక్రంలోనే పెట్టే అవకాశం ఉందా అని అడగండి. పూర్తిగా మాత్రల మీద నడిపే చక్రంలో తర్వాత బీపీ సమస్య కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది.

2021లో సంతాన చికిత్సల మీద వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి ఉంచకూడదు. చికిత్సకు మహిళ వయసు 50, పురుషుడి వయసు 55 దాటకూడదు. ఏటా కట్టే నిల్వ ఫీజు రశీదులు జాగ్రత్త. ఫోన్ నంబరు, ఇల్లు మారినప్పుడు క్లినిక్‌కు తెలపండి. ఎన్ని పిండాలున్నాయి, ఎన్ని రోజులు పెంచినవి, ఏ గ్రేడ్ (నాణ్యత) అన్నది రాతపూర్వకంగా మీ దగ్గర ఉండాలి.

ఇంకోసారి ఖర్చెందుకు, కవలలు పెట్టమంటే ఒక్కసారే అయిపోతుంది కదా?

వద్దు. కవలల్లో నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు, తల్లికి బీపీ, షుగర్ అన్నీ పెరుగుతాయి. ఐవీఎఫ్‌లో మిగిల్చామనుకున్న డబ్బు పసిపిల్లల ఐసీయూలో కట్టాల్సి వస్తుంది. పైగా ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు, వాళ్లకు ఆరోగ్యంగా ఉన్న అమ్మ కావాలి. మంచి పిండం ఉంటే ఒక్కటే పెట్టించుకోండి.

నాది నెగెటివ్ బ్లడ్ గ్రూపు. రెండోసారి ప్రమాదమంటున్నారు.

భర్తది పాజిటివ్ అయితే జాగ్రత్త తప్పదు. మొదటి కాన్పు తర్వాత 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారా చూడండి. అబార్షన్ అయినప్పుడు కూడా అవసరం పడవచ్చు, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఇవ్వకపోతే తల్లి రక్తంలో తయారైన యాంటీబాడీలు రెండో బిడ్డ రక్తాన్ని దెబ్బతీయవచ్చు. ఐసీటీ అనే రక్త పరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

మాది మేనరికం. మొదటి పాపకు తలసీమియా. రెండో బిడ్డను కనవచ్చా?

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు బయటపడకుండానే దాని జన్యువును మోసేవాళ్లైతే, ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బు రావడానికి. "మొదటి పాపకు వచ్చేసింది కాబట్టి రెండోసారి రాదు" అన్నది ఉత్త నమ్మకం. గర్భం రాకముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, పాప రిపోర్టులు తీసుకెళ్లండి. గర్భం వచ్చాక మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతీ ఉంది. పేరు తెలియని జబ్బు ఏదైనా ఉంటే ముందు ఆ పాపకు జన్యు నిర్ధారణ కావాలి, అది లేకుండా రెండో బిడ్డకు ఏం వెతకాలో ఎవరూ చెప్పలేరు.

మొదట పాప. ఈసారి బాబే పుట్టేట్టు చికిత్స ఉందా?

ఎవరైనా ఉందని చెబితే నేరం చేస్తున్నారు. 1994 చట్టం స్కానింగ్‌లో చెప్పడాన్నే కాదు, ఐవీఎఫ్‌లో పిండాన్ని ఆడా మగా అని ఎంచుకోవడాన్ని కూడా నిషేధించింది. జైలు శిక్ష ఉంది. ఆడా మగా అన్నది తండ్రి కణం వల్ల తేలుతుంది. ఆ మాట కోడలిని నిందించే ఇంట్లో గట్టిగా చెప్పాల్సిన అవసరం ఇప్పటికీ ఉంది, నేను చెబుతూనే ఉంటాను.

వరంగల్‌లోనే చూపించుకోవాలా, హైదరాబాద్ పోవాలా?

తొలి పరీక్షలు, ఫాలిక్యులర్ స్కాన్లు, ఐయూఐ వరకు ఇక్కడే. వాటికోసం కాజీపేటలో రైలెక్కాల్సిన పనిలేదు. ప్రసవ సేవలకు వరంగల్ సీకేఎం, హన్మకొండ జీఎంహెచ్ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రులు ఉన్నాయి. హైదరాబాద్‌లో గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని 2023లో ప్రారంభించారు. వెళ్లేముందు ఏ సేవలు అందుతున్నాయో అడిగి తెలుసుకోండి.

ప్రైవేటులో అయితే రిజిస్ట్రేషన్ చూడండి. చట్టం క్లినిక్‌లను రెండు లెవెళ్లుగా పెట్టింది. లెవెల్ 1లో ఐయూఐ మాత్రమే చేయాలి, ఐవీఎఫ్‌కు లెవెల్ 2 ఉండాలి. సర్టిఫికెట్ చూపించమంటే విసుక్కునే చోట డబ్బు కట్టొద్దు. ఐవీఎఫ్ ఒక్క సైకిల్‌కే లక్ష దాటడం మామూలే, చాలా బీమా పాలసీలు ఇవ్వవు. ప్యాకేజీలో మందులు, ఫ్రీజింగ్, తర్వాతి ట్రాన్స్‌ఫర్ కలిశాయో లేదో రాయించుకోండి. చేను కుదువ పెట్టి, మిత్తికి తెచ్చి రెండోసారి, మూడోసారి చేయించుకునేవాళ్లను చూస్తున్నాను. ఎంతవరకు పెడతాం, ఎక్కడ ఆగుతాం అన్నది మొదటి రూపాయి కట్టకముందే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి.

సరోగసీ లేదా దత్తత?

2021 సరోగసీ చట్టం ప్రకారం బిడ్డ ఉన్న దంపతులకు సాధారణంగా అనుమతి లేదు. ఉన్న బిడ్డకు తీవ్రమైన వైకల్యమో, ప్రాణాంతక జబ్బో ఉంటేనే మినహాయింపు. దత్తతకు మాత్రం ఒక బిడ్డ ఉన్నవాళ్లూ కేంద్ర సంస్థ కారా ద్వారా నమోదు చేసుకోవచ్చు. మధ్యవర్తులు చూపించే "పసిబిడ్డ ఉంది, డబ్బు కడితే ఇస్తాం" అనే దారిలోకి వెళ్లొద్దు. అది పిల్లల అమ్మకం.

ఒక్కరితో ఆగిపోతే ఆ పిల్ల ఒంటరిది కాదా? అందరూ అదే అంటున్నారు.

తోడు కోసమే ఇంకొకరిని కనాలన్న నియమం లేదు. బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలు, వాడకట్టు పిల్లల మధ్య పెరిగే ఒంటరి బిడ్డలు బాగానే పెరుగుతారు. మీ ఇద్దరికీ నిజంగా కావాలనిపిస్తే చికిత్సకు రండి. ఒక్కరికే కావాలనిపిస్తే ముందు ఆ సంగతి తేల్చుకోండి. మొదటిసారి ఇంజెక్షన్లు, ఓహెచ్ఎస్ఎస్‌తో (ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించి) కడుపు ఉబ్బి ఆస్పత్రిలో పడుకున్నది భార్యే. కాబట్టి మళ్లీ వద్దని ఆమె అంటే ఆ మాటకు విలువ ఎక్కువ.

చికిత్స జరిగినన్నాళ్లు పెద్ద పాపకు ఏం చెప్పాలి?

మూడు, నాలుగేళ్ల పిల్లలకు "అమ్మకు మందులున్నాయి, డాక్టర్ దగ్గరికి పోయి వస్తది" అంటే చాలు. తమ్ముడొస్తాడు, చెల్లొస్తుంది అని ముందే చెప్పొద్దు. నిలవకపోతే రోజూ అడిగే ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేరు. స్కాన్ రోజుల్లో పాపను ఎవరి దగ్గర వదలాలో ముందే కుదుర్చుకోండి. వెయిటింగ్ హాల్లో మొదటి బిడ్డ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు కాబట్టి వీలైతే ఇంట్లోనే ఉంచి రండి.

నెల తప్పింది. ముందు ఏం చేయాలి?

చికిత్సతో వచ్చినదైతే ప్రొజెస్టిరాన్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఆరు, ఏడు వారాల స్కాన్‌తో గర్భం సంచిలోనే ఉందో, ట్యూబులో ఉందో, పాత కుట్టు మీద ఉందో తేలాలి. మొదటిసారి గర్భంలో షుగర్ వచ్చి ఉంటే ఈసారి మొదటి విజిట్‌లోనే పరీక్ష అడగండి. బీపీ బాగా పెరిగి ఉంటే 12 వారాల దగ్గర చిన్న మోతాదు ఆస్ప్రిన్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. ఉద్యోగం చేసేవాళ్లకు చట్టం ప్రకారం రెండో బిడ్డకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, ఆఫీసులో ముందుగా రాతపూర్వకంగా తెలపండి.

పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం నొప్పి, రక్తం పోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, పాత స్కాన్ కాగితాలు చేతిలో పట్టుకుని, దగ్గర్లో రాత్రి ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి వెళ్లండి.